చెల్లెకు వరి బువ్వ, మాకు గంగవాయిలి కూర

అందరూ అంగడి నుంచి తిరిగి వచ్చే వేళకు మా అమ్మ అంగడికి బయలుదేరేది. మా పల్లె నుంచి దేవరకొండకు నడిచే పోవాలి. పొద్దున్నే పోయినవాళ్ళు మూటలతో ఎదురొస్తూ, "గిప్పుడు పోతున్నవా? ఇంకేం మిగిలింటది ఆడ?" అని అడిగేవాళ్ళు. "మిగిలినదాని కోసమే పోతున్న" అనేది అమ్మ, నవ్వకుండా. గంప మోయడానికి నేను వెంట ఉండేదాన్ని కాబట్టి ఆ మాట చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా తల దించుకునేదాన్ని.

మేము చేరేసరికి కూరగాయలమ్మే ఆడవాళ్ళు గోనెసంచులు దులుపుతూ ఉండేవాళ్ళు. అమ్మ ఒకామె ముందు కూర్చుని వంకాయల కుప్పను చూసి నిట్టూర్చేది. "గివన్ని మళ్ల ఇంటికి మోసుకపోతవా అక్కా? నడుములు పడిపోతయి. పొద్దుగాలకు పుచ్చిపోతయి. నాకిచ్చి పో" అనేది. ఆమె మొదట కసిరేది, తరువాత నవ్వేది, చివరకు, "నీతోని ఏగలేనమ్మా, పట్టుకపో" అని కుప్పంతా గంపలో పోసేది. పుచ్చు వంకాయలు, మెత్తబడిన టమాటాలు, పగిలిన గుమ్మడికాయ, ఎవరో తుంచి పారేసిన ముల్లంగి ఆకు, అన్నీ మా గంపలోకే వచ్చేవి. ఇంటికి రాగానే అమ్మ వాడిన ఆకును తడిగుడ్డలో చుట్టి కుండ పక్కన పెట్టేది. తెల్లారేసరికి అది మళ్ళీ నిగనిగలాడేది. ఆమె వంకాయ కోసిందంటే పుచ్చు మాత్రమే పోయేది, కాయ పోయేది కాదు.

మేము మంచి తిండే తిన్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. జొన్నరవ్వతో వండిన గటక మీద పుంటికూర పప్పు, గుమ్మడికాయ పులుసు, చింతచిగురు నలిపి వేసిన చారు, సీతాఫలాల కాలంలో గుట్టల నుంచి వచ్చే గంపల్లో అడుగున నలిగిన పండ్లు. ఉన్నోళ్ళ ఇళ్ళలో కూడా అన్ని రకాలు ఉండేవి కావేమో. కానీ అప్పుడు ఎవరైనా "ఏం కూర?" అని అడిగితే మేము చెప్పేవాళ్ళం కాదు. ఆకుకూర తినేది లేనివాళ్ళు. వరి బువ్వ తినేది ఉన్నవాళ్ళు. మా ఇంట్లో అందరూ నమ్మిన మాట అది. మా అమ్మ అందరికంటే ఎక్కువ నమ్మింది.

మాది నేత పని. నాయిన గుంట మగ్గం మీద సావుకారి ఇచ్చిన నూలు నేసేవాడు. నిలువు పోగుల పడుగుకు గంజి పట్టించి, వీధి పొడుగునా చాపి, ఎండలో ఆరబెట్టాలి. ముసురు పట్టిందంటే పడుగు ఆరదు. పడుగు ఆరకపోతే మగ్గం ఆడదు, కూలి రాదు. మగ్గం గుంటలో నీళ్ళు ఊరేవి. నాయిన గడప మీద కూర్చుని మబ్బులను తిట్టేవాడు. ఆ ముసురుకే గట్ల మీద, చేలలో, మా పెరట్లో కూడా గంగవాయిలి కూర, చెంచలి కూర గుబురుగా లేచేవి. వాన మాకు పని లేకుండా చేసేది, కూరకు మాత్రం కరువు చేసేది కాదు. అమ్మ ఒళ్ళో నింపుకుని వచ్చేది.

అట్లాంటి ఒక వానాకాలంలోనే తమ్ముడికి, చెల్లెకు తట్టు పోసింది. చెల్లెకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. మా దగ్గర తట్టును జబ్బు అనరు, అమ్మవారు ఒంటి మీదికి దిగిందని, తల్లి వచ్చిందంటారు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్ళు పొయ్యి మీద తాలింపు పెట్టకూడదు, నూనె వాసన రాకూడదు. గుమ్మానికి వేపమండలు కట్టి, పిల్లలను వేపాకుల మీద పడుకోబెట్టారు. ఈ కట్టుబాట్లన్నీ చూసుకునేది మా అవ్వ, నాయినకు తల్లి. ఆమెకు పుట్టిన పిల్లల్లో ఒకడు తట్టు పోసినప్పుడే పోయాడట. పత్యం తప్పినందుకే పోయాడని ఆమె నమ్మకం. అందుకే మనుమల విషయంలో ఆమె కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది.

తట్టు దిగింది. పిల్లలకు నీళ్ళు పోశారు. తమ్ముడు లేచి తిరగసాగాడు. చెల్లెకు మాత్రం విరేచనాలు పట్టుకున్నాయి. అవ్వ పత్యం సడలించలేదు. "ఆకుకూర గిట్ల పెట్టినవంటే కడుపు జాడిస్తది. పిల్ల దక్కదు. మెత్తటి బువ్వ, జర ఉప్పు, గంతే" అంది.

అమ్మ ఎదురు చెప్పలేదు. చెప్పే ఆలోచన కూడా ఆమెకు లేదు. ఆమె ఫికరంతా ఒకటే, జొన్న గటక అరగదు, మరి మెత్తటి బువ్వకు వరి బియ్యం ఎట్లా? మా వాడలో కాస్త ఉన్నవాళ్ళ ఇంటికి పోయి, "మీ కండెలు చుట్టిపెడత, కూలి వద్దు, బియ్యమియ్యుండ్రి. సన్నబియ్యమే ఇయ్యుండ్రి" అని అడిగింది. మా ఇంటి పని ముగించుకుని అక్కడ కూర్చుని నూలు కండెలు చుట్టేది. వేళ్ళు కోసుకుపోయేవి. కొంగున బియ్యం ముడేసుకుని వచ్చేటప్పుడు ఆమె ముఖం చూడాలి! పండుగకు కూడా మేము అట్లాంటి బియ్యం వండుకోలేదు. ఒక చిన్న కుండలో చెల్లె ఒక్కదానికే వండేది. దొరికినప్పుడు కాస్త చక్కెర కూడా కలిపేది.

నాకూ తమ్ముడికీ ఆ బువ్వ మీదే కన్ను. అడిగితే అమ్మ, "అది బీమారున్న పిల్ల. నువ్వు తిను గీ గడ్డి" అని నా కంచంలో గంగవాయిలి కూర వేసేది. తమ్ముడు లేచి తిరుగుతున్నా, వాడికీ అవ్వ కొన్నాళ్ళు కూర లేని ఉప్పు గటకే పత్యంగా పెట్టింది కానీ, వాడు మాట వినే రకం కాదు. అవ్వ అటు తిరగగానే నా కంచంలో చెయ్యి పెట్టి కూర లాక్కుని మింగేవాడు. మూతి తుడుచుకుని మళ్ళీ అవ్వ ముందు మూలుగుతూ పడుకునేవాడు. వాడి కళ్ళు ఇప్పటికీ మంచిగా ఉన్నాయి.

పొద్దుగూకితే చెల్లె తడబడడం మొదలైంది. ఎవరో పిలిస్తే ఆ వైపు రాబోయి మగ్గం గుంట అంచు దాకా పోయింది. నాయిన చటుక్కున రెక్క పట్టి లాగాడు. బువ్వ పెడితే చెయ్యి కంచం పక్కన నేల మీద ఆడించేది. పగలు బాగానే ఉండేది. అవ్వ, "తల్లి వచ్చిపోయిన పిల్ల గద, ఇంక సత్తువ రాలే" అంది. సత్తువ రావాలని అమ్మ ఇంకొక ఇంటి కండెలు కూడా ఒప్పుకుంది. చెల్లె బువ్వ ఇంకాస్త పెరిగింది.

తరువాత చెల్లె వెలుతురుకు కళ్ళు తెరవలేకపోయింది. ఎప్పుడూ అమ్మ భుజంలో ముఖం దాచుకునేది. కళ్ళు తడి లేకుండా పొడిగా, మసకగా అయిపోయాయి. ఏడ్చినా కన్నీళ్ళు సరిగా వచ్చేవి కావు. అవ్వ ఒక బాలింతను బతిమాలి చనుబాలు కళ్ళల్లో పిండించింది. నందివర్ధనం పూలు తడిపి రెప్పల మీద వేసింది. ఏమీ పని చేయకపోయేసరికి ఉప్పు కూడా మాన్పించింది. తల్లికి ఇంకా కోపం పోలేదనుకుంది పాపం. మేము అంగడికి పోయినప్పుడు ఒకామె బాగా మగ్గిన బొప్పాయి ఊరికే ఇచ్చింది, "పిల్లలకు పెట్టు" అని. అవ్వ దాన్ని చూడగానే, "వేడి! కండ్లకు వేడి!" అని అరిచింది. చెల్లె చెయ్యి చాచింది. అమ్మ ఆ చెయ్యి వెనక్కి తీసి, పండు కోసి నాకూ తమ్ముడికీ పెట్టింది. మేము తిన్నాం.

ఒక పొద్దున అమ్మ కెవ్వున అరిచింది. చెల్లె కుడికంటి నల్లగుడ్డు మీద తెల్లగా ఏదో లేచింది. అవ్వ దగ్గరికి వచ్చి, రెప్ప ఎత్తి చూసి, అక్కడే నేల మీద కూలబడింది. "పువ్వేసింది" అంది. కంట్లో పువ్వు పడితే ఆ కన్ను పోయినట్టేనని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నాయిన నేస్తున్న బట్టను సగంలో వదిలేసి లేచాడు. దేవరకొండ దవాఖానలో చూసి, ఆలస్యం చేయకుండా పట్నం పొమ్మన్నారు. అమ్మ దగ్గర లేనప్పుడు చెల్లె నా చంక దిగదు కాబట్టి నన్నూ తీసుకుపోయారు. బస్సులో అమ్మ దారి పొడుగునా చెల్లె ఎడమకన్ను మీద చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది. దానికి గాలి తగిలినా పోతుందేమోనని ఆమె భయం. నాకు కూడా ఊపిరి గట్టిగా వదలాలంటే భయమేసింది.

పట్నం దవాఖానలో డాక్టరమ్మ పెద్ద వయసు మనిషి. చెల్లెను బల్ల మీద కూర్చోబెట్టి చాలాసేపు చూసింది. తరువాత అమ్మను అడిగింది.

"పిల్లకు తిననీకి ఏం పెడుతున్నరు?"

అమ్మ ముఖం కాస్త తేటపడింది. ఆ ప్రశ్నకు తన దగ్గర మంచి జవాబు ఉందనుకుంది. "వరి బువ్వ అమ్మా. సన్నబియ్యమే. దాని ఒక్కదానికే వండుత. మేమంటే ఏదో గడ్డి తిని ఎల్లదీస్తున్నం గని, దానికి మాత్రం తక్కువ చెయ్యలే."

"గడ్డంటే?"

"గివ్వే అమ్మా, గంగవాయిలి, చెంచలి, పుంటికూర. సేండ్లల్ల మొలిచేటివి. అంగడి లేసినంక మిగిలేటివి."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, గడ్డం పట్టుకుని నా కళ్ళలోకి చూసింది. "ఈ పిల్ల అదే తిన్నదా?"

"అదే తిన్నది."

"ఈమె కండ్లు మంచిగున్నయి. ఆ కూర చిన్నదానికి కూడ పెడితే గీ కన్ను పోకపోతుండె అమ్మా. బువ్వల కంటికి కావల్సింది ఏం లేదు."

అమ్మకు అర్థం కాలేదు. డాక్టరమ్మ ముఖంలోకి, నాయిన ముఖంలోకి మార్చి మార్చి చూసింది. "మంచి బియ్యమే అమ్మా," అంది. "ముక్కినవి కావు. పురుగు లేదు. నేనే చెరిగి, రాళ్ళేరి వండిన."

డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా. కుడికన్ను ఇక రాదు. ఎడమకన్ను మీద ఇంకా పువ్వు వేయలేదు. చేప నూనె ఇస్తాను, తాగించండి. ఆకుకూర, బొప్పాయి, గుడ్డు, ఏది దొరికితే అది రోజూ పెట్టండి. మానేస్తే అదీ పోతుంది. బొప్పాయి అనగానే అమ్మ నా వైపు చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. దవాఖాన అరుగు మీద కూర్చుని తన నోటి మీద తానే కొట్టుకుంటూ ఏడ్చింది. నాయిన చేతులు పట్టుకున్నా ఆగలేదు. ఎవరినైనా తిట్టాలని నాకు ఒళ్ళంతా మండింది. అవ్వను తిట్టాలా, ఒంటి మీదికి వచ్చిపోయిన ఆ తల్లినా, కండెలకు బియ్యం ఇచ్చినవాళ్ళనా? తిట్టడానికి అక్కడ చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

మేము తిరిగి వచ్చేసరికి వానలు వెనకపట్టు పట్టాయి. ఆ ఏడు అవి తొందరగా పోయాయి. మొన్నటి దాకా కాళ్ళకు అడ్డం తగిలిన గంగవాయిలి కూర ఎండి, కాడలు ఎర్రగా పొడిబారి నేలకు అతుక్కుపోయింది. అమ్మ కొడవలి పట్టుకుని బావుల వెంట, కాలువ గట్ల వెంట తిరిగింది. తడి ఉన్న జాగా కనిపిస్తే మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క ఆకూ గిల్లేది. అంగడికి ఇప్పుడు అందరికంటే ముందు పోసాగింది. బేరం లేదు, నిట్టూర్పులు లేవు. "ఆకు ఉన్నదా? పచ్చగున్నది ఇయ్యి" అని అడిగి, చెప్పిన ధరకే తీసుకునేది. ఆమెను ఎరిగిన ఆడవాళ్ళు ఆటపట్టించబోయి, ముఖం చూసి ఊరుకునేవాళ్ళు. ఎవరికీ తీరిక లేకుండా అయిపోయింది మా ఇల్లు. ప్రతి పొద్దునా లేవగానే ముందు చెల్లె ఎడమకన్ను చూడడం, పువ్వు వేయలేదని ఊపిరి పీల్చుకోవడం.

కష్టపడి తెచ్చిన ఆ కూరను చెల్లె తినలేదు. మెత్తటి చక్కెర బువ్వకు మరిగిన నోరు అది. పచ్చటి వాసన రాగానే పెదాలు బిగబట్టేది. నోట్లో కుక్కితే ఉమ్మేసేది. "బువ్వ, తెల్ల బువ్వ" అని ఏడ్చేది. అమ్మ బుజ్జగించింది, కాళ్ళావేళ్ళా పడింది. కూరను నూరి, పిండిలో కలిపి రొట్టె చేసింది. చెల్లె దాన్ని విరిచి చూసి విసిరేసింది. ఒకనాడు అమ్మ ఓపిక తెగి చెంప మీద కొట్టింది. చెల్లె నోరు తెరిచి ఏడుస్తుంటే ఆ నోట్లోకే కూర తోసింది. పిల్లకు పొలమారింది. దగ్గి దగ్గి, తిన్నదంతా కక్కింది. అమ్మ ఆ కక్కిన కూర వైపు చూస్తూ, "తినకపోతే గుడ్డిదానివైతవే, నీ కాళ్లు మొక్కుత తినవే" అని ఏడ్చింది. అంత చిన్నపిల్లకు అమ్మ దండం పెట్టడం చూసి నాయిన బయటికి పోయాడు.

అవ్వ ఆ రోజుల్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు. పట్నం సంగతి విన్నప్పటి నుంచి సరిగా తినేది కాదు. ఆ కక్కిన నాడు మాత్రం లేచి వచ్చి, కూర గిన్నె తన ముందు పెట్టుకుంది. తమ్ముడిని పిలిచింది. "ఒరే, నా కంచంలకెళ్లి దొంగతనం చెయ్యి" అంది. వాడికి ఆ విద్య ఒకరు నేర్పాలా! అవ్వ అటు చూస్తున్నట్టు నటిస్తుంటే వాడు కూర ఎత్తుకుని చెల్లె ఎదురుగా కూర్చుని చప్పరించాడు. అవ్వ "దొంగ! దొంగ! నా కూర!" అని గొల్లు పెట్టింది. చెల్లె ఏడుపు ఆపి చెవులు నిక్కించింది. రెండోసారి వాడు చెయ్యి పెట్టినప్పుడు తడుముకుంటూ వచ్చి వాడి చేతిలోది లాక్కుని తన నోట్లో పెట్టుకుంది. అవ్వ ఇంకా గట్టిగా అరిచింది. అరుస్తూనే ఏడ్చింది. మేమెవరం కదల్లేదు. చెల్లె ఆ ముద్ద మింగింది.

అప్పటి నుంచి చెల్లె తిన్నదంతా దొంగతిండే. కూర పెట్టడం అవ్వ పని, దొంగిలించడం తమ్ముడి పని, తెచ్చిపోయడం అమ్మ పని. ఎడమకన్ను నిలబడింది. పూర్తిగా కాదు, దూరపు మనిషిని గుర్తుపట్టలేదు, సూదిలో దారం ఎక్కించలేదు. కుడికన్ను తెల్లటి పువ్వుతో అట్లాగే ఉండిపోయింది. మా వాడలో పిల్లలు దాన్ని ఆ పువ్వు పేరుతోనే పిలిచేవాళ్ళు. నేను వాళ్ళతో జుట్లు పట్టుకుని కొట్లాడేదాన్ని.

చెల్లెకు మాటలు బాగా వచ్చి, అన్నీ అడిగి తెలుసుకునే వయసు వచ్చింది. మళ్ళీ ముసురు పట్టింది, మగ్గం ఆగింది, పెరట్లో గంగవాయిలి లేచింది. అందరం పొయ్యి దగ్గర కూర్చుని తింటున్నాం. చెల్లె ఇప్పుడు ఇష్టంగానే తింటుంది. కూర ముద్ద నములుతూ ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, నాకు తల్లి పోసినప్పుడు మీరేం తిన్నరు?"

"గిదే బిడ్డ" అంది అమ్మ.

"అక్క గూడ?"

"అక్క గూడ."

"అన్న గూడ?"

"ఆఁ."

చెల్లె ఆలోచించింది. దానికి కోపం లేదు, ఊరికే తెలుసుకోవాలని అడిగింది. "మరి నాకెందుకు పెట్టలేదే?"

అవ్వ తల వంచుకుంది. అమ్మ, "నీకు మంచిది పెట్టాలనుకున్న బిడ్డా" అంది. ఆ మాట సరిగా వినిపించలేదు కూడా.

చెల్లె తలూపి, కంచం ముందుకు జరిపి ఇంకాస్త కూర అడిగింది. అమ్మ గరిట పట్టుకుంది కానీ చెయ్యి లేవలేదు. నేనే తీసుకుని వేశాను.